దూరమున్న మూడు దినాలు

మా ఇంటికి వచ్చే ఆడపిల్లలు మంచం మీద పరిచిన బొంతలు చూస్తారు. అంచులు పట్టుకొని తిరగేసి, వెనక కుట్టు చూసి, చివరికి అందరూ ఒకే మాట అడుగుతారు. "అంత పెద్ద సంసారంలో, అంత పని మధ్యలో, ఇవన్నీ కుట్టడానికి నీకు తీరిక యాడ దొరికిందవ్వా?" పాపం, ఊరికే మెచ్చుకోవడానికి అడిగే మాట కాదది. ఉద్యోగాలు చేసుకుంటూ, పిల్లల్ని బడికి తయారుచేస్తూ ఊపిరాడకుండా తిరుగుతుంటారు. వాళ్ళలో ఒకతె పెళ్ళికి ముందు చక్కగా పాడేది, ఇప్పుడు కూనిరాగం కూడా తీయదు. ఇంకొకతె రంగుల డబ్బా అటక మీద పడేసి ఏళ్ళయింది. నా దగ్గర ఏదో కిటుకు ఉందని వాళ్ళ ఆశ. తెల్లవారుజామున లేవండి, పనులు ఒక పద్ధతిలో పెట్టుకోండి అని నేను నీతులు చెబుతానని ఎదురుచూస్తారు.

పక్కన మగవాళ్ళెవరైనా ఉంటే నవ్వి ఊరుకుంటాను. లేకపోతే ఉన్నమాట చెబుతాను. "దూరమున్నప్పుడు కుట్టినానమ్మా."

దూరముండడమంటే నెలకు మూడు దినాలు ఆడది ఇంట్లోకి రాకుండా, ఎవరినీ తాకకుండా విడిగా ఉండడం. ఆ మాట వినగానే కొందరికి ముఖం మాడిపోతుంది. అంత అవమానాన్ని తీరిక అంటావేందవ్వా అని నా మీదే గయ్యిమంటారు. గయ్యిమననీ. వాళ్ళ కోపం న్యాయమైనదే. నేను ఆ ఆచారాన్ని వెనకేసుకు రావడం లేదు. నా కూతుళ్ళను ఒక్కనాడు కూడా అట్లా కూర్చోబెట్టలేదు. కానీ జరిగింది జరిగినట్టు చెప్పకపోతే ఈ బొంతల సంగతి చెప్పినట్టే కాదు.

నేను పుట్టి పెరిగింది సామల్పట్టిలో. రైల్వే స్టేషన్ ఎదురుగా మా నాయనకు చిన్న అంగడి ఉండేది. మా అవ్వ పాత చీరలు, పంచెలు పొరలు పొరలుగా పేర్చి బొంతలు కుట్టేది. పక్కన కూర్చొని నేనూ నేర్చుకున్నాను. అందరిలాగా బారుగా కుట్లు వేసుకుంటూ పోవడం నాకు నచ్చేది కాదు. రంగు గుడ్డల్లోంచి ముక్కలు కత్తిరించి, పైన అతికించి, పిట్టనో గుమ్మడి తీగనో కుట్టేదాన్ని. "చలికి కప్పుకొనేదానికి పిట్ట ఏంటికే?" అని అవ్వ నవ్వేది గానీ వద్దనేది కాదు.

పెళ్ళై కృష్ణగిరికి వచ్చాక ఆ పిట్టలన్నీ ఎగిరిపోయాయి. ఆనకట్ట పనులు జరుగుతున్న రోజులవి. వీధంతా లారీల దుమ్ము. మా అత్తవారిది చింతపండు వ్యాపారం. ముందర అంగడి, వెనక ఇల్లు, ఇంటి వెనక పెరడు. అంచెట్టి కొండల నుంచి చింతపండు బండ్లు వచ్చేవి. బండ్లతో వచ్చినవాళ్ళకు భోజనం మా ఇంట్లోనే. పొద్దు పొడవకముందే లేచి కల్లాపి చల్లితే, మళ్ళీ వీపు నేలకు ఆనేది అందరూ పడుకున్నాకే. మధ్యలో నీళ్ళు తోడడం, రాగులు విసరడం, పెద్ద దబరలో సంగటి గెలకడం, ఎండాకాలమైతే కూలి ఆడవాళ్ళతో పాటు కూర్చొని చింతపండు గింజలు తీయడం. గింజలు తీసీ తీసీ గోళ్ళ సందుల్లో ఎర్రగా పుండ్లు పడేవి.

ఈ పనంతా చేసేది ముగ్గురం. మా అత్తగారు, నా తోడికోడలు, నేను. అక్క, అంటే నా తోడికోడలు, నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. మంచి మనిషి. అత్తగారు మాత్రం నిప్పులాంటిది. మడి, మైల అంటే ఆమె తర్వాతే ఎవరైనా. ఆమె నోటి మాట ఆ ఇంట్లో మామగారు కూడా దాటేవారు కాదు. ఒకసారి పెట్టెలోంచి ఒక గుడ్డ ముక్క తీసి అట్లా కూర్చున్నానో లేదో, "ఏమ్మా, పనేమీ లేదా?" అని వంటింట్లోంచి కేక. నేను కూర్చున్నట్టు గోడ అవతల నుంచి ఎట్లా తెలిసిందో ఆమెకే తెలియాలి.

అట్లాంటి ఇంట్లో పశువుల కొట్టాన్ని ఆనుకొని ఒక చిన్న గది ఉండేది. అదే దూరం గది. మట్టి గోడలు, కిటికీ బదులు ఒక కంత. లోపల ఒక చాప, ఒక పాత బొంత, ఒక చెంబు. అన్నం తెచ్చినవాళ్ళు గడప బయటి నుంచి మన పళ్ళెంలో పైనుంచి వేసి పోతారు. మనల్ని తాకినవాళ్ళు తలస్నానం చేసేదాకా వాళ్ళూ మైలే, వంటింట్లోకి రాకూడదు. మనం ఊరగాయ జాడీ వైపు పోకూడదు, పూలచెట్టు తాకకూడదు, బావి దగ్గరికి రాకూడదు. నాలుగో నాడు తలకు పోసుకొని, చాపా బొంతా ఉతికేసి ఇంట్లోకి రావాలి.

మొదటిసారి ఆ గదిలోకి పోయినప్పుడు నాకు ఏడుపొచ్చింది. మా పుట్టింట్లోనూ దూరముండేవాళ్ళం గానీ వసారాలో ఒక మూల, అందరికీ కనబడుతూ. ఇక్కడ పేడ వాసన, దోమలు, ఒంటరితనం. చలి రోజుల్లో ఆ చిరుగుల బొంత కాళ్ళకు చాలితే తలకు చాలేది కాదు. పొద్దున్నే అక్క వచ్చి దూరంగా నిలబడి, "ఏడవద్దు, ఏమీ చెయ్యద్దు, ఊరికే పండుకో" అంది.

ఏమీ చెయ్యద్దు! ఆ ఇంట్లో కాలు పెట్టాక నాతో ఎవరైనా ఆ మాట అనడం అదే మొదలు. అక్క అయితే ఆ మాటను తు.చ. తప్పకుండా పాటించేది. తన వంతు వచ్చినప్పుడు ఆ గదిలో పడుకుందంటే అన్నానికి తప్ప లేచేది కాదు. నాలుగో నాడు తలారబెట్టుకుంటూ వచ్చేటప్పుడు ఆమె ముఖం కడిగిన ముత్యంలా ఉండేది. నాకు పగలు నిద్ర రాదు. ఏం చేయాలో తోచక ఆ చిరుగుల బొంతనే ముందేసుకొని కూర్చున్నాను. అక్కను అడిగితే సూది, దారం, కొన్ని పాత పేలికలు గడప దగ్గరికి విసిరింది. చిరుగులు అతికాను. అతికిన చోట్లు అనాకారిగా కనబడుతున్నాయని వాటి చుట్టూ రంగు ముక్కలు వేశాను. సాయంత్రానికి చూసుకుంటే ఒక రైలు ఇంజను తయారైంది. సామల్పట్టి స్టేషనులో రోజూ చూసిన ఇంజనే. ఆ గదిలో ఒక్కదాన్నే కూర్చొని పకపకా నవ్వుకున్నాను.

ఆ తర్వాత ప్రతి నెలా అదే పని. ఇంజను వెనక పెట్టెలు వచ్చాయి. కంతలోంచి కనబడే కొండా, దాని మీద కోట గోడా వచ్చాయి. చింతపండు బండి, దాని పక్కన తలపాగా చుట్టుకున్న మనిషి వచ్చారు. దూరం లేని దినాల్లో కూడా నా తలలో అదే తిరిగేది. సంగటి గెలుకుతూ, ఎద్దుకు ఏ రంగు వేద్దాం, మామగారి పాత పంచె అంచు దొరికితే కొమ్ములకు సరిపోతుంది కదా అనుకునేదాన్ని. చేతులు అదే చాకిరీ చేస్తున్నా అంత అలుపు తెలిసేది కాదు. ఎవరేమన్నా వెంటనే కస్సుమనే నా నోరు కూడా కాస్త దారికొచ్చింది. నాకంటూ ఒకటి ఉంది అన్న ధైర్యం అది. ఆ గదిలోకి పోయే దినం కోసం నేను ఎదురుచూసేదాన్నంటే మీరు నమ్మాలి.

ఒక్కోసారి అక్కకూ నాకూ ఒకేసారి వచ్చేది. అప్పుడు పనంతా అత్తగారి మీదే పడేది. అన్నం తెచ్చి మా పళ్ళేల్లో వేస్తూ, "మాట్లాడుకొని చేరినారా ఏంది ఇద్దరూ!" అని గొణిగేది. ఆమె పోయేదాకా ఆగి మేమిద్దరం కొంగులు నోట్లో కుక్కుకొని నవ్వేవాళ్ళం. ఆమె ఒక్కతే అంత పని ఎట్లా చేస్తుందని అప్పుడు మాకు తోచలేదు.

ఆ బొంతకు మొదటి మెప్పు వచ్చిన కథ చెప్పాలి. మా అత్తగారికి ఒక అన్న. కృష్ణగిరి దగ్గరి పోచంపల్లి సంతలో పెద్ద వ్యాపారి, బాగా ఆచారవంతుడు. ఒకసారి మా ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వచ్చాడు. నేను దూరమున్నాను. బొంతను ఎండకు వేద్దామని కంచె మీద పరిచి, గదిలో కూర్చొని ఉన్నాను. ఆయన బొంతను చూశాడు. దగ్గరికి పోయి తడిమి చూశాడు. నేను కంతలోంచి చూస్తున్నాను గానీ పెద్దాయనతో ఏమని చెప్పేది? దాన్ని కంచె మీద నుంచి తీసి, భుజాన వేసుకొని, నేరుగా ఇంట్లోకి నడిచాడు.

"ఏమ్మా, ఈ బొంత యాడ కొన్నారు? బెంగుళూర్లోనా? ఈ బండి చూడు, ఈ ఎద్దుల్ని చూడు! మా ఇంటికి గూడా ఒకటి కావాల" అంటూ ఉంటే నాకు గదిలోకి వినిపిస్తూనే ఉంది. వెంటనే అత్తగారి కేక. "అన్నా, ఆడనే నిలబడు! కదలద్దు!"

ఆయన అప్పటికే దేవుని గది ముందు దాకా పోయాడట. ఆమె ఏం చెప్పిందో, ఎంతవరకు చెప్పిందో తెలియదు. మరుక్షణం ఆయన గబగబా బావి దగ్గరికి వచ్చాడు. పంచె, చొక్కాతో సహా నెత్తిన నీళ్ళు కుమ్మరించుకున్నాడు. మంచు కురిసే మాసం, పళ్ళు టకటకలాడుతున్నాయి. లోపల ఇల్లంతా పసుపునీళ్ళు చల్లుతున్నారు. మా అక్క స్తంభం పట్టుకొని వంగిపోయి నవ్వుతోంది. నేను మాత్రం, ఇంక నా సూది, దారం పొయ్యిలో పడ్డట్టే అనుకున్నాను.

ఆయన భోంచేసి, ఊరికి బయలుదేరుతూ పెరటి గుమ్మం దాకా వచ్చి, ఎటో చూస్తూ గట్టిగా అడిగాడు. "అది సరేలేమ్మా. ఇంతకూ ఆ బొంత కుట్టింది మాత్రం ఎవురు?"

"మా చిన్న కోడలు" అంది అత్తగారు.

ఆమె గొంతులో చిన్నతనమేమీ లేదు. ఆ సాయంత్రం గడపకు అవతల నిలబడి నాతో ఒకే మాట అంది. "ఇంగ కంచె మీద ఎయ్యద్దు. ఎవురి కండ్లకూ ఆనకుండా గది ఎనకాల ఎండెయ్." కుట్టద్దు అనలేదు. అది నాకు చాలా రోజుల దాకా ఆశ్చర్యంగానే ఉండేది.

తర్వాత నేను కడుపుతో ఉన్నానని తెలిసింది. ఇంట్లో అందరికీ సంబరం. మామగారు వీధంతా బెల్లం పంచారు. నేను పెరట్లోకి పోయి కొట్టం వెనక నిలబడి ఏడ్చాను. బిడ్డ వద్దని కాదు. బిడ్డ కావాలని నాకూ ఉంది. కానీ ఇంక ఎన్ని నెలలు ఆ గదిలోకి పోనక్కర లేదో తలచుకుంటే గుండె బరువెక్కింది. ఇట్లాంటి ఏడుపు ఎవరికి చెప్పుకుంటారు? వేవిళ్ళ నీరసమని అందరూ అనుకున్నారు, అనుకోనిచ్చాను.

బిడ్డకు నడక వచ్చేనాటికి మా ఆయన హోసూరులో వేరే అంగడి పెట్టారు. అరవైల మొదట్లో హోసూరు ఇప్పటిలా కాదు. చిన్న ఊరు, చల్లని గాలి, సంత రోజు తప్ప సందడి లేదు. వీధిలో ఒక ఇంట్లో తెలుగు, ఒక ఇంట్లో కన్నడం, ఒక ఇంట్లో అరవం. మా కాపురం మొదటిసారి మాదే అయింది. నేను దూరమైన మొదటి నెలలోనే మా ఆయన, "ఉండేది మనమే. ఈ దూరం గీరం ఏంటికి? తలకు పోసుకొని వంట చేసెయ్. అమ్మకు చెప్పద్దులే" అన్నారు.

నన్నేదో చెర విడిపించినట్టు ఆయన ముఖంలో గొప్ప వెలుగు. నాకూ సంతోషమే వేసింది, దాచడం ఎందుకు. ఎవరినైనా తాకొచ్చు, ఎక్కడైనా తిరగొచ్చు, బిడ్డను ఎత్తుకోవచ్చు. ఆ వారం గర్వంగా తిరిగాను. నాకు సెలవు లేకుండా పోయిందని తెలియడానికి కొన్ని నెలలు పట్టింది.

రెండో బిడ్డ పుట్టాడు. ఇంట్లో అక్క లేదు, అత్తగారు లేదు. అన్నీ నేనే. కొంగు పట్టుకొని ఒకడు, చంకన ఒకడు. పాలు పొయ్యి మీద పెడితే అంగట్లోంచి కేక, అటు పోతే పాలు పొంగి పోతాయి. సంతకు వచ్చే పల్లె జనం మా ఆయనకు చుట్టాల కింద లెక్క, అందరికీ భోజనం పెట్టాల్సిందే. ఎప్పుడైనా సూది పట్టుకుంటే రెండు కుట్లు పడేలోగా ఎవరో ఒకరు పిలిచేవారు. లేచి పోయి వచ్చేసరికి గుడ్డ మీద చిన్నవాడు ఉచ్చ పోసి ఉండేవాడు. కొన్నాళ్ళకు ఆ గుడ్డల మూట మంచం కిందికి పోయింది.

ఒక రోజు మా ఆయనతో చెప్పాను. "నాకు దినమూ కొంచెం సేపు కావాల."

"ఏంటికి?"

"బొంత కుట్టుకొనేదానికి."

ఆయన నా వంక జాలిగా చూశారు. "చలిగా ఉంటే చెప్పకూడదా? రేపు సంతలో కంబళి తెస్తా" అన్నారు. అన్నట్టే ఎర్రటి కంబళి తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. చెడ్డ మనిషైతే పోట్లాడవచ్చు. మంచి మనిషి కంబళి తెచ్చి ఇస్తే ఎట్లా పోట్లాడేది?

నా నోరు మళ్ళీ పాతదారి పట్టింది. పిల్లల్ని ఊరికే బాదేదాన్ని, తర్వాత వాళ్ళను పట్టుకొని నేనే ఏడ్చేదాన్ని. ఒక మధ్యాహ్నం, ఎట్లాగో పిల్లలిద్దరూ ఒకేసారి నిద్రపోయారు. అంగట్లోనూ ఎవరూ లేరు. మంచం కింది మూట లాగి విప్పాను. ముక్కలన్నీ నేల మీద పరిచాను. ఏం కుట్టాలో ఒక్కటీ తోచలేదు. ఎరుపు పక్కన ఏది పెట్టాలో కూడా తోచలేదు. ఎంతసేపు చూసినా అవి చిరిగిన గుడ్డల్లాగే కనబడ్డాయి. అప్పుడు భయం వేసింది నాకు. ఇన్నాళ్ళూ తీరిక లేదని కదా అనుకుంటున్నాను, తీరిక దొరికినా నాలో ఏమీ మిగల్లేదే! వంట చేసి, బట్టలుతికి, ఎవరు పిలిస్తే వాళ్ళ దగ్గరికి పోయే మనిషి ఒకతె ఉంది, నేను లేను. అది మాత్రం తట్టుకోలేకపోయాను.

మా అత్తగారు మనవళ్ళను చూడటానికి కృష్ణగిరి నుంచి వచ్చింది ఆ రోజుల్లోనే. ఆమె ఉన్నన్నాళ్ళూ నాకు దూరం రాకుండా ఉంటే బాగుండునని మొక్కుకున్నాను. అట్లాంటి మొక్కులు ఏ దేవుడు వింటాడు? వారం తిరక్కుండానే వచ్చింది. ఎప్పటిలాగే పొద్దున్నే గుట్టుగా తలకు పోసుకొని, జుట్టు ముడిచి కొంగు కప్పి, పొయ్యి అంటించాను. ఇడ్లీ పెట్టాను. ఆమె పళ్ళెం ముందు కూర్చొని నా కొంగు వైపు చూసింది. కొంగు తడిసి, నీటి చుక్కలు వీపు మీదికి కారుతున్నాయి.

"ఈ పొద్దు ఏమి దినమని తలకు పోసుకొన్నావు?" అంది.

మా ఆయన గడపలో నిలబడి తడబడ్డారు. "ఈడ ఎవురుండారమ్మా వండి పెట్టేదానికి? అందుకని నేనే చెప్పినా, దూరముండద్దని."

"ఎన్నాళ్ళుగా?"

"వచ్చినప్పటి నుంచి."

ఆమె పళ్ళేన్ని పక్కకు జరిపింది. అంతే, మూట సర్దుకొని బస్సెక్కుతుంది, ఊరంతా పరువు పోతుంది అనుకున్నాను. ఆమె లేవలేదు. నన్ను పై నుంచి కింది దాకా చూసింది. ఈ వారం రోజులుగా నేను పిల్లల్ని కసిరే తీరు, గిన్నెలు విసిరే తీరు ఆమె చూస్తూనే ఉందని నాకప్పుడు తట్టింది.

"బొంత కుట్టి ఎన్నాళ్ళాయె?" అంది.

మా ఆయన బిత్తరపోయారు. ఆచారం గురించి మాట్లాడుతుంటే మధ్యలో బొంత ఎందుకొచ్చిందని ఆయన సందేహం. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. ఆమె కొడుకు వైపు తిరిగి గట్టిగా చెప్పింది.

"చూడప్పా, మన ఇంటి ఆచారం నేను బతికుండగా పోకూడదు. వెనకాల వసారాలో తడిక కట్టు. ఆ మూడు దినాలూ ఇది ఇంట్లో కాలు పెట్టదు. నేను ఉన్నన్నాళ్ళు నేను వండుతా. నేను పోయినాక నువ్వు వండు."

"నేనా?"

"రెండు చేతులుండాయి గదా?"

ఆచారం పేరు చెబితే ఆయన ఎదురు మాట్లాడలేరు. నాకు తీరిక కావాలంటే కంబళి తెచ్చిన మనిషి, అమ్మ ఆచారమనేసరికి ఆ మధ్యాహ్నమే తడిక కట్టారు. నేను మూట పట్టుకొని దాని వెనక్కి పోయాను. మొదటి పూటంతా ఊరికే గోడకు ఆనుకొని కూర్చున్నాను. సాయంత్రానికి ఒక ముక్క చేతిలోకి తీసుకున్నాను. మరునాటి పొద్దునకు ఎరుపు పక్కన నీలం పెట్టాలని దానంతట అదే తోచింది. గట్టిగా ఏడ్చేశాను. ఈసారి బాధతో కాదు.

ఆ రెండో నాడు మధ్యాహ్నం అత్తగారు వంట పని మధ్యలో చేట పట్టుకొని వసారాలోకి వచ్చింది. నాకు బారెడు దూరంలో కూర్చొని కందిపప్పు ఏరుతోంది. కళ్ళు మాత్రం పప్పు మీద లేవు, నా చేతుల మీద ఉన్నాయి. కాసేపటికి తనే మాట్లాడింది.

"ఆ గదిలో నేను బొమ్మలు చేస్తా ఉంటి."

"ఏ బొమ్మలత్తా?"

"మట్టి బొమ్మలు. కొట్టం పక్కన బంకమన్ను ఉండ్లా? చెంబు నీళ్ళతో తడిపి చేస్తా ఉంటి. ఏనుగు, ఆవు, బిడ్డనెత్తుకొన్న ఆడది. బో బాగా వచ్చేవమ్మా. మైల బొమ్మలు గదా, ఇంట్లోకి ఎట్లా తెచ్చేది? నాలుగో దినం తలకు పోసుకొనేదానికి ముందర నేనే కాలితో తొక్కేసి వస్తా ఉంటి."

నా సూది ఆగిపోయింది. ఆ నిప్పులాంటి మనిషి ఒకప్పుడు అదే గదిలో, అదే కంత ముందు కూర్చొని ఏనుగు చేసుకుందని ఊహించుకోవడానికే నాకు కొంతసేపు పట్టింది. గోడ అవతల నుంచే నేను కూర్చున్నట్టు ఆమెకు ఎట్లా తెలిసేదో, బొంత కుట్టద్దని ఎందుకు అనలేదో ఒక్కసారిగా అర్థమైంది.

"ఇప్పుడు చేసుకోవచ్చు గదత్తా?" అన్నాను.

ఆమె చేటలో రాళ్ళు వెతుకుతూ నవ్వింది. "ఇప్పుడు ఎవురిస్తారమ్మా? నాకు నిలిచిపోయినప్పుడు అందరూ సంతోషపడినారు. ఇంగ నువ్వు ఎప్పుడూ మడేలే, నీకు ఏ అడ్డూ లేదులే అన్నారు. అవును, అడ్డు లేదు. ఆ పొద్దు నుంచి ఈ పొద్దుకు ఒక్క దినం గూడా నన్ను ఎవురూ పొయ్యి కాడి నుంచి లెయ్యమన్లేదు."

అక్కా, నేనూ గదిలో కూర్చొని కొంగులు నోట్లో కుక్కుకొని నవ్వినప్పుడు ఆమె ఒక్కతే వంటింట్లో ఉందని గుర్తొచ్చి నా ముఖం వేడెక్కింది. లోపల పొయ్యి మీద ఎసరు మరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆమె లేవాలి. చేట పక్కన పెట్టింది. లేస్తుందనుకున్నాను. లేవకుండా ముందుకు జరిగి, చేయి చాచి, నా మోకాలి మీద అరచేయి ఆనించింది.

నేను ఉలిక్కిపడి వెనక్కి జరిగాను. "అత్తా! నన్ను తాకేసినారు!"

"తెలుసులే" అంది.

నా పెళ్ళయ్యాక, దూరం కూర్చున్నప్పుడు నన్ను ఒక మనిషి చేయి తాకడం అదే మొదలు. ఆ చేయి తీయలేదు. అట్లాగే ఉంచి, గొంతెత్తి అంగడి వైపు కేకేసింది.

"అప్పా! ఇట్లా రా. నేను నీ పెండ్లాన్ని తాకేసినా. ఇంగ వంటింట్లోకి పోకూడదు. ఎసట్లో బియ్యం నువ్వే ఎయ్!"

మా ఆయన పరుగెత్తుకొచ్చారు. అమ్మను, నన్ను, ఆమె చేతిని మార్చి మార్చి చూశారు. లోపలికి పోయారు. గిన్నెలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కాసేపటికి అన్నం మాడిన వాసన వచ్చింది. ఆమె పెరట్లోకి పోయి గుప్పెడు తడిమన్ను తెచ్చుకొని నా పక్కనే చతికిలబడింది. వేళ్ళు మొదట్లో తడబడ్డాయి. తర్వాత సర్దుకున్నాయి.

మా ఆయన చెమటలు కక్కుతూ గుమ్మంలోకి వచ్చారు. "అమ్మా, నీళ్ళు కాచి పెట్టినాను. తలకు పోసుకొంటే మైల పోతుంది గదా. లేసి రా."

"పోసుకొంటాలేప్పా" అంది ఆమె, చేతిలోని మట్టికి తొండం తీస్తూ. "తొందరేముంది?"

నీళ్ళు చల్లారిపోయాయని ఆయన మళ్ళీ కాచారు. చీకటి పడేదాకా ఆమె లేవలేదు.